నీలం చేతుల బతుకమ్మ

బుధవారం పొద్దున సుభాషిణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకల్లా తన బడి ఆవరణలో యాభై మంది పిల్లలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కనిపించాలి. ఇబ్బంది ఒక్కటే. ఆమె బడిలో ఉన్నది అందులో సగం మంది.

సుబేదారిలో ఇంటి ముందు స్కూటీ స్టార్ట్ చేసింది మొదలు వరంగల్ చేరేదాకా తలలు లెక్కపెట్టుకుంటూనే వచ్చింది. జంపఖానాల గల్లీ ప్రాథమిక పాఠశాలకు ఆమె హెడ్‌మిస్ట్రెస్. గల్లీ నిండా జంపఖానాలు నేసే మగ్గాలు, మగ్గాల మధ్య ఇళ్లు, ఇళ్ల మధ్య ఇరుక్కున్న రెండు గదుల బడి. పిల్లలు తక్కువున్న బడులను రోడ్డవతలి పెద్ద బడిలో కలిపేస్తారన్న మాట కొంతకాలంగా గట్టిగా వినిపిస్తోంది. కలిపేస్తే ఆమెకు పోయేదేమీ లేదు. ఎక్కడో ఒకచోట కుర్చీ దొరుకుతుంది. పోయేది పిల్లలకే. పెద్ద బడికి వెళ్లాలంటే ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో దూసుకుపోయే లారీల రోడ్డు దాటాలి. మగ్గం మీద కూర్చున్న తల్లి లేచి వచ్చి రెండు పూటలా ఆ రోడ్డు దాటించదు. బడికి తాళం పడిన మరునాడే సగం మంది ఆడపిల్లలు ఇంట్లో నూలు చుడుతూ కూర్చుంటారు. అది ఊహించుకుంటేనే ఆమెకు అన్నం సహించడం లేదు.

ముఖం చూసి హాజరు వేసే ఫోన్ యాప్ ఉన్నా, అది కొన్నాళ్లుగా గుండ్రంగా తిరగడం తప్ప ఇంకేమీ చేయడం లేదు. అందుకని మండల విద్యాధికారి వెంకటేశ్వర్లే స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతాడట. దసరా సెలవులకు ముందు బడుల్లో జరిగే బతుకమ్మ పండుగ రోజునే వస్తాడట.

ఈ కబురు మోసుకొచ్చినవాడు రాజమల్లు. మిర్చి గోదాముల వెనకున్న బడికి హెడ్‌మాస్టర్. సుభాషిణికన్నా పదేళ్లు పెద్ద. అతని బడి పరిస్థితీ అంతే.

"చెల్లె, బుధవారం నీ కాడికొస్తాండు, గురువారం నా కాడికొస్తాండు. నీ పిల్లలు సగం, నా పిల్లలు సగం. రెండు సగాలు కలిస్తే ఏమైతది?" అన్నాడు ఫోన్లో.

"ఒకటైతది. లెక్కల సారువు నువ్వే గదన్నా."

"మరి గంతే. బుధవారం నా పోరగాండ్లను నీకు పంపుత. గురువారం నీవోళ్లను నాకు పంపు. ఒక్కొక్క రోజు ఒక్కొక్క బడి నిండుగ కనవడుతది."

"దొరికిపోతే?"

"యూనిఫామ్ అందరిదొక్కటే. గిన్ని ముఖాలు ఎవడు గుర్తువెట్టుకుంటడు? జర ధైర్యం దెచ్చుకో. ఫికర్ జెయ్యకు."

ఉద్యోగంలో చేరాక అబద్ధపు సెలవు కూడా పెట్టని మనిషి ఆమె. అందుకే ఆ ఏర్పాటుకు మనసులో ఒక మర్యాదైన పేరు పెట్టుకుంది: రెండు బడుల సాంస్కృతిక సమ్మేళనం. పేరు పెట్టాక నేరం కొంచెం తేలికైనట్టు అనిపించింది.

ఆమె గేటు దగ్గర స్కూటీ ఆపేసరికి గోదాముల బడి పిల్లలు ఆటోల్లోంచి దిగుతున్నారు. ఆవరణలో తంగేడు, బంతి, గునుగు పూలు కుప్పలుగా పోసి ఉన్నాయి. వాటి మధ్య ఒక పెద్ద మట్టికుండ. దాని నుంచి వస్తున్న వాసనకు సుభాషిణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం వాసన పూలమ్మా గిది? ఏం జచ్చింది గండ్ల?"

మధ్యాహ్న భోజనం వండే పూలమ్మ నవ్వింది. "సావలే మేడం, బతికే ఉన్నది. నీలి కుండ. సున్నం, బెల్లం ఏసి మా మరిది బిడ్డ లెక్క సాకుతాండు. ఆకుల రంగు, పిల్లలకేం గాదు. ఎంత ఉతికినా పోదు."

దీని వెనక ఒక కథ ఉంది. నిరుడు బతుకమ్మ రోజున వాన పడింది. గునుగు పూలకు అద్దిన బజారు రంగులన్నీ కారి, బతుకమ్మ ఎత్తుకున్న పెద్దమనిషి తెల్లచొక్కా మీద అన్ని రంగుల చారలూ తేలాయి. అందుకే ఈసారి లావణ్య టీచర్ జాగ్రత్త పడింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ప్రతి పనినీ పరీక్ష రాసినంత శ్రద్ధగా చేస్తుంది. వానకు కారని రంగు కావాలని పూలమ్మను అడిగింది. పూలమ్మ మరిది జంపఖానాల నూలుకు రంగులద్దుతాడు. వానకే కాదు, వరదకు కూడా కారని రంగు వచ్చింది.

పిల్లలు గునుగు కట్టలు పట్టుకుని కుండ చుట్టూ మూగారు. కట్ట కొస ముంచమంటే మోచేతిదాకా ముంచారు. ఎలా ముంచాలో చూపించడానికి లావణ్య ముంచింది. లావణ్యకు చూపించడానికి సుభాషిణి కూడా రెండు కట్టలు ముంచింది.

"టీచర్, నీలం అన్నరు. గిదేమో పాలకూర పప్పు లెక్కున్నది," అంది మహిత. ఆ పిల్ల నాలుగో తరగతి. నోరు మాత్రం పదో తరగతి పాసైంది.

"ఆరనియ్యే. ముంచుండ్రి, జల్ది ముంచుండ్రి," అంది లావణ్య.

పూలకు గాలి తగిలింది. అందరూ చూస్తుండగానే ఆ పాలకూర పచ్చ నల్లబడింది, నల్లబడి నీలమైంది. చూడగానే కళ్లు చెదిరే నీలం. పిల్లలు కేకలు పెట్టారు. లావణ్య చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో మహిత గొంతు మెల్లగా వినిపించింది.

"టీచర్... మ్యాజిక్ నాకు గూడ వచ్చింది."

మహిత రెండు చేతులూ పైకెత్తింది. వేళ్లు నీలం. గోళ్లు ఇంకా నీలం. ఒక్కొక్కరే తమ చేతులు చూసుకున్నారు. యాభై మంది పిల్లలు, నూరు చేతులు, అన్నీ నీలం. సుభాషిణి తన చేతులు చూసుకుంది. వాటికీ అదే రంగు.

తడి పూలతోనే గబగబా బతుకమ్మను పేర్చేసి అందరూ నల్లా దగ్గరికి పరుగెత్తారు. అక్కడ జరిగింది యుద్ధమే. సబ్బు పెట్టారు, నిమ్మకాయ రుద్దారు, చింతపండు రుద్దారు, ఇసుక రుద్దారు. రుద్దిన కొద్దీ చేతులు శుభ్రమయ్యాయి. శుభ్రమైన కొద్దీ నీలం ఇంకా స్పష్టంగా కనిపించింది.

"పూలమ్మా! చేతులకు గిట్ల అంటుతదని ముందుగాల జెప్పద్దా?"

పూలమ్మ తన చేతులు చూపించింది. అవీ నీలమే. "మా ఇంట్ల అందరి చేతులు గిట్లనే ఉంటయి మేడం. మా అత్తవి గిట్లనే, మా మరిదివి గిట్లనే. నా పెండ్లి ఫోటోల జూడుండ్రి, తలంబ్రాలు పోసే చేతులు గూడ గిట్లనే. గిదొక వింతని నాకెట్ల తెలుస్తది?"

సుభాషిణి నోరు తెరిచేలోపు గేటు బయట కారు ఆగింది. వెంకటేశ్వర్లు అనుకున్నదానికన్నా ముందే వచ్చేశాడు.

మూసేయడానికి సాకు వెతుక్కుంటూ వచ్చే మనిషికి నూరు నీలం చేతులు చూపించడమంటే తాళం చెవి అందించడమే. ఆమె గొంతు తగ్గించి హుకుం జారీ చేసింది. "పిల్లలూ, చేతులు కట్టుకోండ్రి. చంకల కింద దాచుండ్రి. చచ్చినా తియ్యద్దు!"

అధికారి లోపలికి వచ్చేసరికి యాభై మంది పిల్లలు చేతులు కట్టుకుని రాతి బొమ్మల్లా నిలబడి ఉన్నారు. వెనక ఇద్దరు టీచర్లు, వంటమనిషి కూడా చేతులు కట్టుకునే ఉన్నారు. వెంకటేశ్వర్లు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత క్రమశిక్షణ ఆయన చూసి ఉండడు.

"బాగున్నది మేడం. మస్తు డిసిప్లిన్," అంటూ వేలితో గాలిలో తలలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క పూర్తయ్యాక ముఖం విప్పారింది. సుభాషిణికి పోయిన ప్రాణంలో సగం తిరిగొచ్చింది. "ఇగ బతుకమ్మ ఆడించుండ్రి, చూద్దాం."

మిగతా సగం అక్కడే ఆగిపోయింది. బతుకమ్మ ఆటంటేనే చప్పట్లు. చుట్టూ తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు చరుస్తూ పాడాలి. పిల్లలు ఆమె ముఖంలోకి చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్లు చేతులు కట్టుకునే తిరగడం మొదలుపెట్టారు. తలలు వంచుకుని, అడుగులో అడుగేస్తూ, చప్పుడు లేకుండా. పండుగలా లేదు. పోలీసులు ఖైదీలను వరసగా నడిపించుకుపోతున్నట్టుంది.

"చప్పట్లేవి మేడం?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"గిది కొత్త పద్ధతి సార్," అంది సుభాషిణి. తన నోటి నుంచి ఏం వస్తుందో ఆమెకే తెలియదు. "శబ్ద కాలుష్యం లేని బతుకమ్మ."

అధికారి తల పంకించాడు. కాలుష్యం అన్న మాట వినగానే తల పంకించడం ఆయనకు అలవాటు. ఆ ఊపులోనే ముందుకొచ్చి, ఫోటో కోసం బతుకమ్మను రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఇంకా ఆరని గునుగు కట్టల నుంచి నీళ్లు ఆయన అరచేతుల్లోకి కారాయి. లావణ్య అది చూసింది. సుభాషిణి కూడా చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆకాశం వైపు చూశారు.

ఆ తర్వాతే అసలు గండం. "పిల్లలతోని కలిసి నేను గూడ తింట," అన్నాడాయన.

పిల్లలు వరసగా కూర్చున్నారు. పూలమ్మ వడ్డించింది. అన్నం పళ్లెంలో పడ్డాక ఆకలైన పిల్లల చేతులను చంకల్లో ఉంచగల హెడ్‌మిస్ట్రెస్ ఇంతవరకు పుట్టలేదు. వెంకటేశ్వర్లు పక్కన కూర్చున్న ఒకటో తరగతి పిల్లవాడు ముద్ద కలిపాడు.

వెంకటేశ్వర్లు ఆ చేయి చూశాడు. నీలం గోళ్లు. పక్క చేయి చూశాడు. నీలం గోళ్లు. వరస పొడుగునా చూశాడు. నోట్లో వేళ్లు పెట్టుకునే చిన్న పిల్లలకు పెదవులు కూడా నీలంగా ఉన్నాయి. ఆయన అప్పటికే నాలుగు ముద్దలు మింగి ఉన్నాడు. మెల్లగా తన చేయి పైకెత్తి చూసుకున్నాడు.

నీలం.

"తినద్దు!" ఆయన పెట్టిన కేకకు గోడ మీది పావురాలు లేచిపోయాయి. "ఎవ్వరు తినద్దు! ఫుడ్ పాయిజన్! అందరికి ఎక్కింది! నాకు గూడ ఎక్కింది!"

"సార్, సార్, గది రంగు..." అంది సుభాషిణి.

"రంగు నాక్కనవడుతనే ఉన్నది మేడం! నీలం! విషం రంగు!" అంటూ ఆయన ఫోన్ తీసి 108 నొక్కాడు. అంబులెన్స్ రమ్మన్నాడు, ఒకటి చాలదన్నాడు, తనకు కళ్లు తిరుగుతున్నాయన్నాడు. అని, అన్నట్టుగానే పూలమ్మ బియ్యం బస్తాల మీదికి ఒరిగిపోయాడు.

గల్లీలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగిందంటే ఏదో ఘోరం జరిగిందని అక్కడ అర్థం. తల్లులు పరుగెత్తుకొచ్చారు. రెండు అంబులెన్సులు గల్లీ మొదట్లో ఇరుక్కుని మొత్తుకోసాగాయి. కబురు లారీల రోడ్డు దాటి గోదాముల దాకా పోయింది. అక్కడి నుంచి లచ్చవ్వ అనే ముసలమ్మ కొంగు బిగించి ఆటో దిగింది. ఆమె మనుమడు చదివేది గోదాముల బడిలో.

"నా మనుమడు రాజమల్లు సారు బడిలుండాలె. గీడెందుకున్నడు?" అంది సుభాషిణి ముందు నిలబడి. ఆమె గొంతు అంబులెన్సు కూతను మించిపోయింది.

సుభాషిణి ఓరగా చూసింది. పక్కనే స్ట్రెచర్ మీద, ముక్కుకు గొట్టం పెట్టించుకుని, వెంకటేశ్వర్లు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"మెల్లగవ్వా, మెల్లగ. బడికి బడికి పోటీలు..."

"ఏం పోటీ? ఎవలు ముందుగాల నీలంగైతరనా?"

అంబులెన్సులో వచ్చిన నర్సమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. ఒక పిల్లవాడి వేలికి క్లిప్పు పెట్టింది, అంకె చూసింది. ఇంకొకరికి పెట్టింది. తర్వాత దూది తడిపి గోరు మీద రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఏం గాలే వీళ్లకు. పరుగుపందెం వెట్టినా గెలుస్తరు. గిది చెట్టు రంగు."

మొదట తల్లులు నవ్వారు. గల్లీలో అలాంటి చేతులు ఎన్ని చూడలేదు వాళ్లు! ఒకావిడ తన చేతులు కూడా చూపించింది. లచ్చవ్వ మనుమడిని ఒక్కటి వేసి, వెంటనే ముద్దు పెట్టుకుంది. వెంకటేశ్వర్లు ముక్కు గొట్టం తీసేసి, స్ట్రెచర్ మీద లేచి కూర్చుని, చొక్కా సరిచేసుకున్నాడు.

"నాకు ముందుగాలనే డౌటొచ్చింది," అన్నాడు గంభీరంగా. "ఎప్పుడు పోతదిది?"

"తోలు మీదిది వారం పది రోజులకు పోతది సార్," అంది పూలమ్మ. "గోర్ల మీదిదంటే, గోరు పెరిగి కత్తిరిచ్చినప్పుడే."

ఆయన చాయ్ తాగాడు. చాయ్ గ్లాసు పట్టుకున్న తన చేతిని చాలాసేపు చూసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి, "అయిందేదో అయింది. పిల్లలు నిండుగున్నరు, గది నాకు ముఖ్యం. రేపు గోదాముల బడిల బతుకమ్మ చూడాలె," అన్నాడు.

కారు మలుపు తిరిగింది. సుభాషిణి నవ్వుతూ చేయి ఊపింది. ఊపుతూనే తన చేయి చూసింది. చేయి గాలిలోనే ఆగిపోయింది. రేపు. గోదాముల బడి. ఇవే చేతులు.

సాయంత్రానికి రాజమల్లు మోటర్ సైకిల్ మీద వచ్చాడు. విషయం విని మెట్ల మీద కూలబడ్డాడు.

"ఓటేసినోని వేలికి సిరా వెట్టినట్టు వెట్టినవు గద చెల్లె! అది ఒక్క వేలికే. నువ్వు మోచేతిదాక వెట్టినవు!"

"నేను వెట్టిన్నా? వానకు కారద్దనుకున్న గంతే."

"వాన పడితే పడనియ్యాల్సుండె. ఇప్పుడు మన మీద పిడుగే పడేటట్టున్నది."

మార్గాలు వెతికారు. గోరింటాకు పెడితే కప్పేస్తుందేమోనని మహిత ఒక చేతికి పెట్టి చూశారు. ఎండాక కడిగితే కాకరకాయ రంగు వచ్చింది. "రెండో చెయ్యే మంచిగున్నది టీచర్," అంది మహిత. చేతికి తొడుగులు వేద్దామంటే, బతుకమ్మ ఆడే పిల్లలు ఆపరేషన్‌కు పోతున్నట్టుంటారని లావణ్య అంది. గురువారం అందరికీ జ్వరమని చెబుదామా అని సుభాషిణి అడిగింది. నీలం తర్వాత జ్వరమంటే ఈసారి హెలికాప్టరే దింపుతాడన్నాడు రాజమల్లు.

చివరికి రాజమల్లు ముఖంలో వెలుగొచ్చింది. అతని ముఖంలో వెలుగొచ్చినప్పుడల్లా సుభాషిణికి భయమేస్తుంది.

"నీ బడిల చేతులెందుకు నీలమైనయి? పూలు ముంచిండ్రు గనుక. నా బడిల గూడ పూలు ముంచుతరు. అందరియి నీలమే అయితే, ఏ నీలం ఎప్పటిదో ఎవనికి తెలుస్తది?"

ఆలోచన బాగానే ఉంది. కానీ పూలమ్మ మరిది నీలి కుండను ఇంటికి తీసుకుపోయి, గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. బిడ్డలా సాకిన కుండలో యాభై మంది చేతులు కడిగారని అతని కోపం. దాంతో గురువారం పొద్దున రాజమల్లు కిరాణా కొట్టుకు పోయి, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు సీసాలు కొన్ని తెచ్చి బక్కెట్లో కుమ్మరించాడు. గునుగు పూలకు అది అంటీ అంటనట్టుంది. చేతులకు అసలే అంటలేదు. అంటవలసిన అవసరమూ లేదు.

పదింటికి సుభాషిణి లావణ్యతో కలిసి తన పిల్లలను ఆటోల్లో తీసుకుని గోదాముల బడికి వచ్చింది, అతిథి పేరుతో. మిర్చి ఘాటుకు అందరూ తుమ్ముతూ దిగారు. వాళ్లకు నూరిపోసింది ఒక్కటే: ఎవరేం అడిగినా నవ్వాలి, మాట్లాడకూడదు.

వెంకటేశ్వర్లు వచ్చాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. నమస్కారాలకు తలతోనే జవాబిచ్చాడు. పిల్లలు ఈసారి చేతులు దాచలేదు. వలయం కట్టి, పాట ఎత్తుకుని, యాభై జతల నీలం చేతులతో చప్పట్లు చరిచారు. ఆవరణ దద్దరిల్లింది. అధికారి అలాగే నిలబడి చూశాడు. లెక్కపెట్టలేదు. చూస్తూనే ఉన్నాడు.

"ఇక్కడ గూడ నీలమేనా రాజమల్లు సార్?"

"ఇయ్యేడు గదే ఫ్యాషన్ సార్," అన్నాడు రాజమల్లు బక్కెట్టు చూపిస్తూ.

ఆయన బక్కెట్టు దగ్గరికి పోయి వంగి చూశాడు. పలచటి నీళ్లు. మళ్లీ పిల్లల చేతులు చూశాడు. ముదురు నీలం. ఆట ఆగగానే ముందు వరసలో కనిపించిన పిల్లను వేలితో పిలిచాడు. ఆ పిల్ల మహిత.

"ఏం పేరు బిడ్డా?"

మహిత నవ్వింది.

"పేరు లేదా? సరే. ఏ బడి మీది?"

మహిత ఇంకా వెడల్పుగా నవ్వింది. సుభాషిణి చేతులు జోడించింది, ఏ దేవుడికో ఆమెకే తెలియదు. వెంకటేశ్వర్లు వంగి, తియ్యగా, "చెప్పు బిడ్డా, భయపడకు," అన్నాడు. భయమన్న మాట వింటే మహితకు పౌరుషం.

"నాకేం భయం? నిన్నటి బడి అడుగుతాన్నరా, ఇయ్యాల్టిది అడుగుతాన్నరా సార్?"

లావణ్య కళ్లు మూసుకుంది. రాజమల్లు బక్కెట్టు వైపు చూశాడు, అందులో దూకడానికి వీలుంటే దూకేవాడే.

"మీరిద్దరు లోపలికి రండ్రి," అన్నాడు వెంకటేశ్వర్లు. ఆయనే తలుపు మూశాడు. లోపలి నుంచి గడియ కూడా పెట్టాడు.

గడియ చప్పుడు వినగానే సుభాషిణిలో భయం పోయింది. ఇక పోగొట్టుకోవడానికి మిగిలిందేమీ లేదని తెలిసినప్పుడు వచ్చే తెగింపు వచ్చింది.

"తప్పు నాది సార్. రాజమల్లన్నది గాదు."

"ఉపాయం నాది," అన్నాడు రాజమల్లు నేల చూస్తూ.

"నువ్వాగన్నా. సార్, నన్ను సస్పెండ్ జెయ్యుండ్రి, యాడికన్న పంపుండ్రి. బడి మాత్రం ముయ్యకుండ్రి. మా గల్లీ పిల్లలు ఆ లారీల రోడ్డు దాటలేరు. తల్లులు మగ్గం దిగి రాలేరు. బడి పోయిందంటే గా మహిత ఉన్నది జూడుండ్రి, గంత నోరున్న పిల్ల, రేపటిసంది ఇంట్ల నూలు చుట్టుకుంట కూసుంటది. సగం మందే ఉన్నరు, నిజమే. ఆ సగం మందికి గా బడి తప్ప ఇంకోటి లేదు."

చెప్పడం అయిపోయింది. ఆమె తల మాత్రం దించలేదు. వెంకటేశ్వర్లు కిటికీ దగ్గరికి పోయి బయట ఎవరైనా ఉన్నారేమో చూశాడు. కిటికీ రెక్కలు కూడా మూశాడు. తిరిగొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్లిద్దరి మధ్యకు వంగాడు. మొదటిసారిగా చేతులు జేబుల్లోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ నీలం.

"మేడం," అన్నాడు గుసగుసగా. "శనివారం మీ పిల్లలు ఖాళీనా?"

సుభాషిణికి అర్థం కాలేదు. "ఏంది సార్?"

"శనివారం జిల్లా నుంచి టీమ్ వస్తాంది. ములుగు రోడ్డు మీద నాకొక బడున్నది. రంగేసిన బడి, కొత్త బల్లలు, అన్ని ఉన్నయి. నలుగురే పిల్లలు. అండ్ల ఇద్దరు కవలలు, వాళ్లకు ఇప్పుడు ఆటలమ్మ." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "బడులు తగ్గితే మండలాన్ని పక్క మండలంల కలుపుతరట. బడులు కలిస్తే మీకు వేరే కాడ కుర్చీ దొరుకుతది. మండలాలు కలిస్తే రెండు మండలాలకు ఒక్కటే కుర్చీ. దాంట్ల కూసునేటోడు నాకంటె సీనియర్."

మిర్చి ఘాటుకు ముగ్గురూ తుమ్మారు. మొదట తేరుకున్నవాడు రాజమల్లు.

"పిల్లలకేంది సార్, మస్తుగున్నరు. ఆటోలు గూడ మావే. కాకపోతే గా చేతులు... టీమోళ్లు అడుగుతరు గద?"

"గదే నేను గూడ రాత్రంత ఆలోచన జేసిన," అన్నాడు వెంకటేశ్వర్లు. "మూడు బడులల్ల నీలముంటే అనుమానం. అన్ని బడులల్ల ఉంటే పండుగ."

మధ్యాహ్నం భోజనాలు కాకముందే మండలంలోని హెడ్‌మాస్టర్లందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. మన నేత కళాకారుల గౌరవార్థం, సెలవులు ఇచ్చేలోగా ప్రతి పాఠశాలలో విధిగా నీలి బతుకమ్మ జరపాలని, విద్యార్థులు, ఉపాధ్యాయులు స్వయంగా పూలకు రంగు అద్దాలని ఆదేశం. పూలమ్మ మరిది తాళం తీయక తప్పలేదు. అధికారే ఇంటికి వచ్చి బతిమాలితే ఎవరు కాదంటారు? సుభాషిణి మాత్రం ఆ ఆదేశాన్ని మూడుసార్లు చదివి, ఫోన్ బోర్లా పెట్టి, చాలాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తేలలేదు. పక్కన మహిత అరిగిపోయిన సబ్బుముక్కను తీసి కిటికీలోంచి పారేసింది.

శనివారం ములుగు రోడ్డు బడి కిటకిటలాడింది. జిల్లా నుంచి వచ్చినవాళ్లు పిల్లల చేతులు చూసి ముచ్చటపడి, తమ చేతులు కూడా ముంచి ఫోటోలు దిగారు.

ఆ దసరాకు మండలంలో ఒక్క బడి కూడా మూతపడలేదు. సెలవులు వచ్చేసరికి ఆటోలెక్కి దిగీ దిగీ పిల్లలు మాత్రం బాగా అలిసిపోయారు.